1,50,000 పదాల ఫాంటసీ, సొంత ప్రచురణ: ఒకే పుస్తకమా, మూడు భాగాలా?

మూడోకన్ను:
రాతప్రతి, ఎడిటింగ్ రెండూ పూర్తి. 1,50,000 పదాలు, యూనికోడ్‌లో వర్డ్ ఫైలు. ఒక రాజ్యం, మూడు కొండజాతులు, ఒక మ్యాపు, నలభై పేర్ల పాత్రల పట్టిక. జానపదమనండి, ఫాంటసీ అనండి, పెద్ద తేడా లేదు. ఖర్చు సొంతంగానే. 500 ప్రతులు, డెమ్మీ 1/8 (మామూలు నవల సైజు), నలుపు తెలుపు, చేతిలో లక్షా ఇరవై వేలు.
ఒకే బైండుగా తేవాలా, మూడు భాగాలుగా కోసి ఆర్నెల్లకొకటి వదలాలా? "లావు పుస్తకం ఎవరూ కొనరు" అనేవాళ్ళు కొందరు, "మూడో భాగం దాకా ఎవరూ రారు" అనేవాళ్ళు కొందరు. అభిప్రాయాలు వద్దు, లెక్కలు కావాలి.

ఫారంలెక్క:
అయితే లెక్కే చూద్దాం. డెమ్మీ 1/8 పేజీలో 12 పాయింట్ల అక్షరంతో సుమారు 240 తెలుగు పదాలు పడతాయి. మీ 1,50,000 పదాలకు 625 పేజీలు, ముందు పేజీలు కలిపి 640 అనుకోండి. డబుల్ డెమ్మీ షీటుకు (23×36 అంగుళాలు) రెండు వైపులా 32 పేజీలు వస్తాయి కాబట్టి ప్రతికి 20 షీట్లు. 500 ప్రతులకు 10,000 షీట్లు, అంటే 20 రీములు. వేస్టేజీకి ఇంకో రీము. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్లితో, అంటే మామూలు తెల్ల అచ్చు కాగితం, రీము 18.7 కిలోలు తూగుతుంది కాబట్టి నాలుగు వందల కిలోలకు కాస్త తక్కువ కాగితం.

మూడు భాగాలు చేస్తే ఒక్కోటి 50,000 పదాలు, అంటే 208 పేజీలు. టైటిల్, ఇంప్రింట్ (ప్రచురణ వివరాల పేజీ), మ్యాపు, పాత్రల పట్టిక, ముందుమాట మూడుసార్లూ వేయాలి. ఒక్కో భాగం 224 పేజీలు, 7 షీట్లు. మొత్తం 21. అంటే కాగితంలో తేడా ఒక్క షీటు. ప్లేట్లు (అచ్చు రేకులు, షీటుకు వైపుకొకటి) ఒక రంగుకు 40 బదులు 42.

ఖర్చు పెరిగేది లోపలి కాగితంలో కాదు, అట్టలో. మూడు అట్టలకు నాలుగేసి రంగులంటే 12 ప్లేట్లు, మూడు లామినేషన్లు, 500 బదులు 1,500 బైండింగులు, మూడు బొమ్మలకు ఆర్టిస్టు ఫీజు. కొటేషన్లు ఊరిని బట్టి, ఆ నెల కాగితం ధరను బట్టి మారతాయి. లెక్క కోసం ఒకే బైండు ప్రతికి 190, మూడు భాగాల్లో ఒక్కోటి 75 (సెట్టుకు 225) అనుకుందాం. ఒకే బైండుకు 95,000 రూపాయలు ఒకేసారి పెట్టాలి. మూడు భాగాలైతే మొత్తం 1,12,500, కానీ మొదటి విడత 37,500 మాత్రమే. డబ్బు ఇరుక్కుపోకూడదనుకుంటే మూడు భాగాలే మేలు.

అట్టముక్క:
640 పేజీలంటే 320 ఆకులు. 70 జీఎస్ఎం కాగితం ఆకు 0.09 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, కాబట్టి వెన్ను మూడు సెంటీమీటర్లకు దగ్గర. ఈ మందానికి మామూలు పర్ఫెక్ట్ బైండింగ్ చేయిస్తే మీరు చేజేతులా పుస్తకాన్ని చంపుకున్నట్టే.

పర్ఫెక్ట్ బైండింగ్‌లో వెన్ను దగ్గర మడతలన్నీ కోసేస్తారు. తర్వాత వెన్నును గరుకు చేసి వేడి జిగురు పూసి అట్ట అంటిస్తారు. ప్రతి ఆకూ ఒంటరిగా జిగురును పట్టుకుని వేలాడాల్సిందే. మామూలు హాట్‌మెల్ట్ చల్లారాక గట్టిపడిపోతుంది. 200 పేజీల పుస్తకంలో ఆ వంపును తట్టుకుంటుంది. 640 పేజీల పుస్తకాన్ని చదివేవాడు 300వ పేజీ దగ్గర రెండు చేతులతో అదిమి తెరుస్తాడు, అక్కడే జిగురు నిలువునా చీలుతుంది. ఆ చీలికకు అటూ ఇటూ ఉన్న ఆకులు నాలుగో రోజుకు చేతికొస్తాయి.

ఒకే బైండే కావాలంటే సెక్షన్ కుట్టు చేయించండి. 16 పేజీల మడతను దారంతో కుట్టి, ఆ మడతలన్నీ కలిపి, ఆపైన జిగురు. ప్రతికి అదనంగా పడుతుంది, రోజులు కూడా ఎక్కువ పడతాయి. పీయూఆర్ (పాలీయురేథేన్) జిగురుంటే కుట్టు లేకపోయినా నడుస్తుంది గానీ ఆ యంత్రం అన్ని బైండింగ్ షాపుల్లో ఉండదు. 500 ప్రతుల పనికి ఎక్కించడానికి కొందరు ఒప్పుకోరు కూడా.

కాగితం గ్రెయిన్ (పీచు దిశ) కూడా అడగండి. పీచు వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే వానాకాలంలో ఆకులు అలలు తిరుగుతాయి, పుస్తకం తెరిచి పెడితే దానంతటదే మూసుకుంటుంది. 224 పేజీల పుస్తకంలో ఈ తప్పు కనిపించకుండా పోవచ్చు. 640లో దాగదు.

నా ఓటు మూడు భాగాలకే.

పాతకొట్టు:
ఇద్దరూ తయారీ గురించే మాట్లాడుతున్నారు. పుస్తకం అమ్మాలి కదా.

అమ్మకం లెక్క ఇదీ. పంపిణీదారుకో, కొట్టుకో 40 శాతం ఇస్తారనుకోండి. కొందరు 50 అడుగుతారు. ఒకే బైండు ధర 600 పెడితే మీ చేతికి 360. పెట్టిన 95,000 వెనక్కి రావడానికి 264 ప్రతులు అమ్మాలి. మూడు భాగాల ధర ఒక్కోటి 225 పెడితే చేతికి 135. 1,12,500 రావాలంటే 834 పుస్తకాలు పోవాలి.

834 అంటే 278 సెట్లు కదా, దాదాపు అంతే కదా అంటారు. కాదు. సెట్లు సమంగా అమ్ముడుపోవు. మొదటి భాగం 400, రెండోది 250, మూడోది 200 పోయాయనుకోండి, మొత్తం 850. పెట్టుబడి వచ్చేసింది, బాగానే ఉంది. మిగిలిందేమిటి? మొదటిది 100, రెండోది 250, మూడోది 300. అందులో కుదిరేవి 100 సెట్లే. రెండో భాగాలు 150, మూడో భాగాలు 200 జత లేకుండా మిగిలిపోతాయి. 350 పుస్తకాలు, ఒక్కోటి 75 చొప్పున 26,250 రూపాయల సరుకు. కొట్లో దీన్ని "సెట్ విరిగింది" అంటారు. విరిగిన సెట్టును సగం ధరకిచ్చినా తీసుకోరు.

పుస్తక ప్రదర్శనలో కూడా ఇంతే. హైదరాబాద్‌లో డిసెంబరు, విజయవాడలో జనవరి. కౌంటరు దగ్గర నిలబడ్డ పాఠకుడి మొదటి ప్రశ్న "అన్ని భాగాలూ వచ్చాయా?" రాలేదంటే పుస్తకం కింద పెట్టి "అన్నీ వచ్చాక తీసుకుంటా" అంటాడు. అతని తప్పేం లేదు. మొదటి భాగం వేసి ఆగిపోయిన పుస్తకాలు అతని అలమరలో ఇప్పటికే రెండు మూడు ఉంటాయి.

ఒకే పుస్తకం వేయండి, కుట్టు వేయించండి.

మూడోకన్ను:
రెండో భాగం 300, మూడోది 250 మాత్రమే వేస్తే? సెట్ విరిగే బాధ తగ్గదా?

ఫారంలెక్క:
తగ్గుతుంది, కానీ ధర పెరుగుతుంది. ఆఫ్‌సెట్‌లో ప్లేటు ఖర్చు, మెషీన్ మీద ఎక్కించి సరిచేసే ఖర్చు 250కీ 500కీ ఒకటే. అదే 75 రూపాయల పుస్తకం 250 ప్రతుల దగ్గర వంద దాకా పోవచ్చు. మీ చేతికొచ్చే 135లో మిగులు ముప్పై అయిదే. డిజిటల్ ప్రింటులో 50, 100 ప్రతులు వేయించుకోవచ్చు గానీ అక్కడ ప్రతి ధర ఇంకా ఎక్కువ. పైగా మొదటి భాగం ఆఫ్‌సెట్, మూడోది డిజిటల్ అయితే నలుపు చిక్కదనంలో తేడా పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

ఒత్తులబడి:
ఫారంలెక్క గారి 640 నిలబడదు, చెప్తాను.

ఆ లెక్క లోపలి మార్జిన్ 18 మిల్లీమీటర్లు అనుకుని వేసింది. మూడు సెంటీమీటర్ల వెన్నున్న పుస్తకంలో 18 పెడితే లైను చివరి అక్షరాలు లోయలోకి జారిపోతాయి. కనీసం 24 ఉండాలి. డెమ్మీ పేజీ కటింగ్ తర్వాత 140 మిల్లీమీటర్ల వెడల్పు. బయటి మార్జిన్ 15 తీసేస్తే అక్షరానికి మిగిలేది 107 నుంచి 101కి పడిపోతుంది. దాదాపు ఆరు శాతం. మీ 625 పేజీలు 660 దాటుతాయి, ముందు పేజీలు కలిపితే 677. ఫారానికి, అంటే 32 పేజీల నిండు షీటుకు, సర్దాలంటే 704కి పోవాలి, లేదా అయిదారు పేజీలు ఎలాగో నొక్కి 672కి తేవాలి. మూడు భాగాల మొత్తం కూడా 672 కదా? ఇక కాగితం ఆదా ఎక్కడుంది?

నొక్కడం అంటే చాలామంది చేసేది లైన్ల మధ్య దూరం తగ్గించడం. ఇంగ్లీషు పుస్తకం చూసి 12 పాయింట్ల అక్షరానికి 14 లీడింగ్ ఇస్తారు. తెలుగుకు అది చాలదు. పై లైన్లో "రాష్ట్ర", "లక్ష్మి", "స్త్రీ" ఉంటే ఒత్తులు కిందికి దిగుతాయి. కింది లైన్లో అదే చోట "కీ", "థీ", "పై" లాంటి గుడిదీర్ఘమో ఐత్వమో పైకి లేస్తుంది. రెండూ గుద్దుకుంటాయి. 12కి 16 ఉండాలి. కొన్ని ఫాంట్లలో 17. ఫాంటును బట్టి కూడా పేజీలు మారతాయి. మండలి, రామరాజ, సూరన్న మూడింటినీ 12 పాయింట్లలో పక్కపక్కన పెట్టి చూడండి, మూడు సైజుల్లా కనిపిస్తాయి. అందుకే ఫాంటు ఖాయం చేయకుండా పేజీల లెక్క చెప్పేవాళ్ళను నమ్మొద్దు. (ఫారంలెక్క గారిని కాదు.)

ఫాంటసీకి ప్రత్యేకమైన ఇంకో తంటా: కల్పిత పేర్లు. "ఎర్విన్" అనే పాత్ర ఉందనుకోండి. "ఎర్విన్‌కి" అని రాసినప్పుడు పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. వర్డ్‌లో పేరు మార్చి "ఫైండ్ అండ్ రీప్లేస్" కొట్టినప్పుడో, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి కాపీ చేసినప్పుడో అది ఎగిరిపోతుంది. అప్పుడు "ఎర్విన్కి" అయి, నకారానికి కావత్తు తగిలి కూర్చుంటుంది. ఒకే పేజీలో రెండు రకాలూ వస్తాయి. తెలిసిన మాటైతే ప్రూఫ్‌రీడరు పట్టుకుంటాడు, ఊహించిన పేరైతే అదే సరైనదేమో అనుకుని వదిలేస్తాడు. నలభై పేర్లకూ ఏడు విభక్తులతో పట్టిక చేసి ఆయన చేతిలో పెట్టండి.

ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టేవారైతే పారాగ్రాఫ్ కంపోజర్‌ను వరల్డ్ రెడీకి మార్చారో లేదో మొదటి పది పేజీల్లోనే చూడండి. మార్చకపోతే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. డీటీపీ వాళ్ళు "మేం అను (యూనికోడ్ కాని పాత ఫాంట్ల సాఫ్ట్‌వేర్)లోనే చేస్తాం, యూనికోడ్ నుంచి మార్చేస్తాం" అంటే, రేపు ఈ-బుక్‌కి మళ్ళీ వెనక్కి మార్చాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. రెండుసార్లు మార్చిన ఫైల్లో వట్రసుడి, రావత్తు ఎక్కడ తప్పాయో వెతకడం కంటే మళ్ళీ టైపు చేయడం సులువు.

మ్యాపు గురించి ఒక్క మాట. రెండు పేజీల మీద పరిచి వేయాలనుకుంటే మానుకోండి. రాజధాని సరిగ్గా వెన్నులో పడుతుంది. ఎప్పుడూ అంతే. అట్ట లోపలి వైపు వేయండి, లేదా ఒకే పేజీలో నిలువుగా గీయించండి. గీతల బొమ్మైతే 600 డీపీఐకి తక్కువ ఇవ్వొద్దు. 300లో నది పేర్లు రంపపు పళ్ళలా వస్తాయి.

తరువాయిభాగం:
అచ్చు గురించి ఇంత చర్చ అవసరమా? ముందు ప్రతిలిపి యాప్‌లో సీరియల్‌గా పెట్టండి, 1,500 పదాల చొప్పున వంద భాగాలు. ఎక్కడ చదవడం మానేస్తున్నారో భాగం వారీగా చూసిన లెక్కలే చెబుతాయి. 30వ భాగం దగ్గర సగం మంది జారుకుంటే అక్కడ కథలో లోపముంది, అచ్చుకు ముందే సరిచేసుకోవచ్చు. వారపత్రికల సీరియళ్ళు చదివిన జాతి మనది, "జరిగిన కథ" పెట్టి నడిపించడం మనకు కొత్త కాదు. కాబట్టి మూడు భాగాలకు పాఠకులు రారన్న వాదన నేనొప్పుకోను.

పాతకొట్టు:
వారపత్రిక సీరియలు వారం వారం వచ్చేది, పైగా అదే డబ్బుకు ఇంకో ఇరవై శీర్షికలు వచ్చేవి. ఆర్నెల్లకొకసారి 225 పెట్టి కొనే భాగంతో దాన్ని పోల్చకండి. ఉచితంగా చదివిన వెయ్యి మందిలో ఎంతమంది 600 పెట్టి అచ్చు ప్రతి కొంటారన్నది ఎవరూ ముందే చెప్పలేరు. కథ మొత్తం అక్కడే దొరుకుతుంటే "మళ్ళీ ఎందుకు?" అంటారు.

తరువాయిభాగం:
మొత్తం పెట్టమనలేదు. మూడో వంతు పెట్టి ఆపండి. యాప్ షరతుల్లో ప్రత్యేక హక్కుల సంగతి మాత్రం చదివి సంతకం చేయండి. పోటీకో, డబ్బు చెల్లించే పథకానికో పంపితే షరతులు వేరుగా ఉంటాయి.

ఒత్తులబడి:
ఈ-బుక్ అనగానే కిండిల్ అనుకునేవాళ్ళకు ఒక మాట. 2016 డిసెంబరులో కిండిల్‌లో భారతీయ భాషలు మొదలుపెట్టినప్పుడు ప్రకటించినవి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అందులో తెలుగు లేదు. తమిళ రచయితల అనుభవాలు చదివి మన బడ్జెట్‌లో కిండిల్ రాబడి రాసుకోకండి. తెలుగు ఈ-బుక్ ఫైలు ఈపబ్‌ను గూగుల్ ప్లే బుక్స్‌లో పెట్టే దారి చూసుకోండి.

చిట్టా:
కాగితప్పని వైపు ఎవరూ చూడలేదు, అక్కడా తేడా ఉంది.

ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) ఉచితం. ఢిల్లీలోని రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్లో, సొంతంగా వేసుకునే రచయిత నేరుగా పెట్టుకోవచ్చు. డబ్బు తీసుకుని "మేమిస్తాం" అనేవాళ్ళ నంబరు వేసుకుంటే రికార్డులో ప్రచురణకర్త వాళ్ళవుతారు, మీరు కాదు. మూడు భాగాలు విడివిడిగా అమ్మితే మూడు నంబర్లు, సెట్టుగా కూడా అమ్మితే సెట్టుకు ఇంకోటి. ఈ-బుక్‌ది వేరు. అట్ట డిజైన్ అయ్యాక గుర్తొచ్చి పరిగెత్తకండి. నంబరు వచ్చాకే బార్‌కోడ్, ఆ తర్వాతే అట్ట ప్లేటు.

1954 నాటి పుస్తకాల బట్వాడా చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరాకు, ముంబై సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. ఒకే బైండైతే నాలుగు ప్రతులు, మూడు భాగాలైతే పన్నెండు.

పోస్టేజీ. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ తీసేశారు, 2025 మే 1 నుంచి పుస్తకాలకు జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 500 దాకా 25, కిలో దాకా 35, అయిదు కిలోలకు 100. పన్ను అదనం. 224 పేజీల భాగం 70 జీఎస్ఎం మీద, 300 జీఎస్ఎం అట్టతో 255 గ్రాములు వస్తుంది. 40 గ్రాముల కవరులో పెడితే 295. కవరు కాస్త మందమైతే, లేదా లోపల ఒక బుక్‌మార్కు, ఒక కార్డు పెట్టారంటే 300 దాటి 25లో పడతారు. 672 పేజీల ఒకే బైండు 730 గ్రాములు, 35 రూపాయలు. మూడు భాగాలు ఒకే ప్యాకెట్‌గా పంపినా అదే 35. విడివిడిగా మూడుసార్లు పంపితే 60. అంటే పోస్టేజీలోనూ మూడు భాగాలకు గెలుపేం లేదు, పాఠకుడు మొదటిదానితోనే ఆగిపోతే తప్ప.

జ్ఞాన్ పోస్ట్‌కు ప్రింటర్ పేరు, ప్రచురణకర్త పేరు ఇంప్రింట్ పేజీలో తప్పనిసరిగా వేయండి. ఆ పథకం విద్యా, సామాజిక, సాంస్కృతిక, మత సంబంధ పుస్తకాలకు. నవల సాంస్కృతికమా కాదా అన్న చర్చ కౌంటర్‌లో తలెత్తితే, వెనక క్యూను బట్టి ఓపిక చూపించండి.

అట్టముక్క:
అమెజాన్‌లో సొంతంగా అమ్మినా అంతే కదా. అక్కడ బరువు 500 గ్రాముల మెట్లలో లెక్క. 730 రెండో మెట్టు, 255 మొదటి మెట్టు.

చిట్టా:
అవును, కానీ 225 రూపాయల పుస్తకం మీద వాళ్ళ ఫీజులు, రవాణా తీసేస్తే మిగిలేది చాలా తక్కువ. 600 పుస్తకం మీద రెండో మెట్టు రవాణా పోయినా చేతికి ఎక్కువ వస్తుంది. చిన్న ధరల పుస్తకానికి ఆన్‌లైన్ అమ్మకం ఎప్పుడూ భారమే. అచ్చు పుస్తకాలు మాత్రమే అమ్మేవాళ్ళకు జీఎస్టీ నంబరు అక్కర్లేదు, ఆ భయం వద్దు.

ఫారంలెక్క:
ఒత్తులబడి గారి దిద్దుబాటు ఒప్పుకుంటున్నా, 640 తప్పు. దాంతో నా అభిప్రాయం కూడా మారింది. మూడూ వద్దు, ఒకటీ వద్దు. రెండు చేయండి.

ఒక్కోటి 75,000 పదాలు, 313 పేజీలు. వెన్ను 15 మిల్లీమీటర్లే కాబట్టి లోపలి మార్జిన్ 20 చాలు, 319 అవుతుంది. ముందు పేజీలు, మ్యాపు, పట్టిక కలిపితే 336. పది షీట్లు, ఒక అర షీటు. రెండూ కలిపి మళ్ళీ 672, అటు తిప్పినా ఇటు తిప్పినా అక్కడికే వస్తోంది. పర్ఫెక్ట్ బైండింగ్ ఈ మందాన్ని మోస్తుంది. ఒక్కోటి 375 గ్రాములు. అట్టలు రెండే.

అసలు షరతు: రెండూ ఒకే రోజు అచ్చు వేయించి, ఒకే రోజు విడుదల చేయాలి. రెండు అట్టలూ ఒకే షీటులో పక్కపక్కన వేస్తే ప్లేట్లు నాలుగే, లామినేషన్ ఒకేసారి. రెండు భాగాల కాగితం ఒకే లాటులోంచి వస్తుంది కాబట్టి రంగు తేడా రాదు. ఆర్నెల్ల తర్వాత కొన్న మ్యాప్లితో అదే మిల్లుదైనా తెలుపులో తేడా ఉంటుంది, అలమరలో పక్కపక్కన పెట్టినప్పుడు అదే ముందు కనిపిస్తుంది.

పాతకొట్టు:
సెట్టుగా మాత్రమే అమ్మితే నాకభ్యంతరం లేదు. ఒకే ఎమ్మార్పీ, ష్రింక్ ర్యాప్ (బిగుతు ప్లాస్టిక్ చుట్ట), విడిగా అమ్మబడదని అట్ట మీదే రాయండి. కానీ కొట్టువాళ్ళు ష్రింక్ చింపి చూపిస్తారు, ఎవరో ఒకరు మొదటిది మాత్రం అడుగుతారు, మొహమాటానికి ఇచ్చేస్తారు. పదింటికి ఒకటైనా విరుగుతుంది. అందుకే మొదటి భాగం ముప్పై నలభై ప్రతులు ఎక్కువ వేయించండి. మెషీన్ మీద ఉండగా ఆ ముప్పైకి పడేది కాగితం, బైండింగ్ ఖర్చే.

తరువాయిభాగం:
రెండుగా కోస్తే కథ ఎక్కడ తెగుతుంది? 75,000వ పదం దగ్గర యుద్ధం మధ్యలో ఉంటే? మూడు అంకాల కథను పేజీల లెక్కతో సగానికి నరకడం దర్జీ పని. మొదటి సగానికి దానిదే అయిన ముగింపు ఉండాలి, కనీసం ఒక ప్రశ్నకు జవాబు దొరకాలి. అన్ని తలుపులూ తెరిచిపెట్టి "ఇంకా ఉంది" అంటే చిరాకు పడతారు.

ఫారంలెక్క:
80,000, 70,000గా కోయండి, ఎవరొద్దన్నారు? ఒకటి 352, ఇంకోటి 320. మొత్తం మళ్ళీ...

ఒత్తులబడి:
672. అర్థమైంది.
తెంపే చోటు రచయిత చెప్పాలి, ఫారానికి సర్దే పని మాది. పాత్రల పట్టిక రెండో భాగంలో మళ్ళీ వేసేటప్పుడు మొదటి భాగంలో చనిపోయినవాళ్ళను తీసేయకండి, పాఠకుడు వెనక్కి చూసుకునేది వాళ్ళ కోసమే. "జరిగిన కథ" రెండు పేజీలు చాలు.

మూడోకన్ను:
68,000వ పదం దగ్గర కోట పడిపోయే ఘట్టం ఉంది, అక్కడ తెగుతుంది. 68, 82. బడ్జెట్ లక్షా ఇరవై. రెండు భాగాల సెట్టుకు కొటేషన్ 210 లోపు వస్తే 1,05,000, మిగిలింది అట్ట బొమ్మలకు, ప్రూఫ్‌కు. 210 దాటితే ఒకే బైండు, కుట్టుతో. రెండిటికీ కొటేషన్ అడుగుతున్నా. మూడో భాగం అట్ట బొమ్మ గీయించమని ఇప్పటికే చెప్పి ఉన్నాను, అది ఆపించాలి.

పాతకొట్టు:
ఆలూ లేదు చూలూ లేదు, మూడో భాగానికి అట్ట! విడుదల నవంబరు ఆఖరుకల్లా పెట్టుకోండి, డిసెంబరు ప్రదర్శనకు స్టాలు వాళ్ళకు వారం ముందు చేరాలి.

అట్టముక్క:
కొటేషన్ అడిగేటప్పుడు నోటిమాట వద్దు, రాసివ్వండి: సైజు, పేజీలు, కాగితం పేరు, జీఎస్ఎం, అట్ట జీఎస్ఎం, మ్యాట్ లామినేషన్, పర్ఫెక్టా కుట్టా, ప్రతులు, డెలివరీ ఎక్కడికి. ఒకే చీటీ మూడు ప్రెస్సులకు. ఒకరు 60 జీఎస్ఎంతో, ఇంకొకరు 70తో లెక్క చెప్తే పోల్చడానికేం ఉండదు.

ఒప్పుకున్నాక, అట్ట డిజైనర్‌కు వెన్ను కొలత ఇచ్చే ముందు, అదే కాగితంతో అన్నే పేజీల ఖాళీ డమ్మీ కట్టించుకోండి. లెక్కలో 15 వచ్చినా చేతిలో 14 ఉండొచ్చు, 16 ఉండొచ్చు. రెండు మిల్లీమీటర్లు తప్పితే వెన్ను మీది పేరు ముందట్ట మీదికి ఒరుగుతుంది. మీవి రెండు మందాలు కాబట్టి డమ్మీలు రెండు.

మూడోకన్ను:
డమ్మీకి డబ్బు తీసుకుంటారా?

అట్టముక్క:
కొందరు తీసుకోరు. తీసుకున్నా ఇవ్వండి, 500 అట్టలు మళ్ళీ వేయించడం కంటే చౌక.